ఎంఆర్ ఫ్లూయిడ్ అడుగున గట్టిపడకుండా నానో పొడులతో నిలబెట్టడం ఎలా?

ప్రాజెక్టు డెమో కోసం నెల ముందు కలిపి పెట్టిన సీసా తీసి చూస్తారు. పైన తేటగా నూనె, అడుగున గాజుకడ్డీతో పొడిచినా దిగని నల్లటి గడ్డ. మాగ్నెటోరియోలాజికల్ ఫ్లూయిడ్ అంటే నూనెలో సన్నటి ఇనుప పొడి కలిపిన, అయస్కాంతం పెడితే బిగుసుకునే ద్రవం (ఇకపై ఎంఆర్ ఫ్లూయిడ్ అందాం). దాన్ని చేతులతో కలిపినవాళ్ళలో ఈ దృశ్యం చూడనివాళ్ళు తక్కువ. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో జేకబ్ రాబినో 1940ల చివర్లో మొదటి ఎంఆర్ క్లచ్ చేసినప్పటి నుంచీ ఇదే తలనొప్పి. 2002లో క్యాడిలాక్ సెవిల్ కారు షాక్ అబ్జార్బర్లలోకి ఈ ద్రవం ఎక్కిందంటే ఆ తలనొప్పికి మందు దొరికిందనే అర్థం. ఆ మందులో కొంత భాగాన్ని మామూలు కాలేజీ ల్యాబులో ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ చెబుతాను.

ముందే ఒక మాట. ఇనుము కిందికి దిగకుండా పూర్తిగా ఆపాలని పట్టుబట్టకండి. దిగినా ఫరవాలేదు, నాలుగు ఊపులకు మళ్ళీ లేవాలి. నేను మొదట్లో ఈ తేడా పట్టించుకోలేదు. నూనెను చిక్కబరిచే సిలికా పొడి గుప్పిళ్ళతో పోసి, సీసాలో నెల రోజులైనా చుక్క తేట రాలేదని మురిసిపోయాను. డ్యాంపర్‌లో (షాక్ అబ్జార్బర్ లాంటి పిస్టన్ గొట్టం, కాయిల్‌కి కరెంటు ఇస్తే అయస్కాంతమవుతుంది) పోశాక కరెంటు ఇవ్వకుండానే పిస్టన్ కదలడానికి మొరాయించింది. అది ద్రవం కాదు, గ్రీజు. కరెంటు లేనప్పుడు పలచగా ఉండటం ఎంఆర్ ఫ్లూయిడ్‌కి సగం ప్రాణం.

ఎందుకు దిగుతుంది?

ఇనుము సాంద్రత 7.86, నూనెది 0.85 లోపు. నీటికి వంద రెట్లు చిక్కగా ఉన్న నూనెలో 5 మైక్రాన్ల ఇనుప రేణువును ఒంటరిగా వదిలితే, స్టోక్స్ లెక్క ప్రకారం గంటకు మూడున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. ద్రవంలో పావు వంతు ఇనుమే ఉంటే రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి ఆ వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా రోజుకు 2 సెంటీమీటర్ల తేట ఖాయం. మనం వాడబోయే నూనె ఇంకా పలచన కాబట్టి ఇంకా తొందరగా దిగుతుంది. రేణువు సైజు సగమైతే వేగం నాలుగో వంతవుతుంది. కానీ సైజు తగ్గేకొద్దీ అయస్కాంతం పెట్టినప్పుడు వచ్చే బిగువు కూడా తగ్గుతుంది, అందుకే ఇనుమునే నానో సైజుకి నూరేద్దామనే ఆలోచన పనికిరాదు. పైగా పూత లేని నానో ఇనుప పొడి గాలి తగిలితే అంటుకునే సరుకు, దాని జోలికి వెళ్ళొద్దు.

దిగడం సగం సమస్యే. అడుగుకి చేరిన రేణువులు నేరుగా ఒకదానికొకటి తగిలి, వాండర్ వాల్స్ ఆకర్షణతోనూ (అణువుల మధ్య సహజంగా ఉండే ఆకర్షణ) మిగిలిన కాస్త అయస్కాంతత్వంతోనూ అతుక్కుపోతాయి. ఆ ఆకర్షణ బాగా దగ్గరగా ఉన్నప్పుడే బలంగా ఉంటుంది. మధ్యలో కొన్ని నానోమీటర్ల అడ్డు పెట్టగలిగితే గడ్డ కట్టదు, మెత్తటి మడ్డిగానే ఉంటుంది.

మన రెండు పొడులూ ఈ రెండు పనులను పంచుకుంటాయి. ఫ్యూమ్డ్ సిలికా (పొగలా తేలికైన సిలికా పొడి) నూనెలో వల అల్లి రేణువులను మోస్తుంది. ఓలియిక్ యాసిడ్ (నూనెతో కలిసే పొడవాటి తోక ఉన్న కొవ్వు ఆమ్లం) పూత ఉన్న నానో మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటే నల్లటి ఇనుప ఆక్సైడ్) ఇనుప రేణువు చుట్టూ చేరి వాటి మధ్య దూరం ఉంచుతుంది. దాదాపు 10 నానోమీటర్ల మాగ్నెటైట్ కణాన్ని వేడి వల్ల వచ్చే అణువుల కుదుపే తేలుస్తూ ఉంటుంది, విడివిడిగా ఉన్నంతకాలం అది అడుగుకి చేరే ప్రశ్నే లేదు. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా వాడతారు. ఖర్చుకీ ఫలితానికీ పొంతన కుదరదని నా అభిప్రాయం, మొదటిసారి చేసేవాళ్ళు వాటిని పక్కన పెట్టండి.

కావలసినవి (100 మి.లీ. ద్రవానికి)

కార్బొనిల్ ఐరన్ పొడి 196 గ్రాములు, సగటు సైజు 3 నుంచి 5 మైక్రాన్లు. ఇది కొనాల్సిందే. దీని తయారీలో వాడే ఐరన్ పెంటాకార్బొనిల్ ప్రాణాంతక విషం. లైట్ లిక్విడ్ పారాఫిన్ 74 మి.లీ., అంటే సుమారు 62 గ్రాములు. పూత పూసిన నానో మాగ్నెటైట్ 4 గ్రాములు. గ్రాముకి 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉండే మామూలు ఫ్యూమ్డ్ సిలికా 1.2 గ్రాములు, అంటే నూనె బరువులో 2 శాతం. ఓలియిక్ యాసిడ్, ఇథనాల్, డిస్టిల్డ్ వాటర్.

సిలికోన్ నూనె ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. వేడికీ చలికీ అది మంచిదే, కానీ ఓలియిక్ యాసిడ్ తోకకూ సిలికోన్ నూనెకూ పొసగదు. పూత పూసిన మాగ్నెటైట్ అందులో విడిపోకుండా ముద్దగా మిగులుతుంది. పారాఫిన్‌తో ఆ గొడవ లేదు, రెండూ హైడ్రోకార్బన్ జాతే. డ్యాంపర్‌లో సీళ్ళు మాత్రం నైట్రైల్ రబ్బరువో వైటాన్‌వో ఉండాలి. ఇపీడీఎం సీలు పారాఫిన్‌లో ఉబ్బిపోతుంది.

ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఫ్యూమ్డ్ సిలికా మూత తీయగానే పొగలా లేస్తుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సన్నటి ఇనుప పొడి గాలిలో రేగితే నిప్పురవ్వ చాలు. ఇథనాల్ వేడి చేసేది నీళ్ళ తొట్టిలోనే, మంట మీద కాదు.

మొదటి మెట్టు: నానో మాగ్నెటైట్

రెడీమేడ్‌గా దొరుకుతుంది. నేను ఒకసారి అలాగే తెప్పించాను. డబ్బా మీద మాగ్నెటైట్ అని ఉంది, లోపల పొడి ఇటుక రంగులో ఉంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో పదార్థాన్ని గుర్తించే పరీక్ష) చేయిస్తే చాలా భాగం హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్ అని తేలింది. అప్పటి నుంచి సొంతంగానే చేసుకుంటున్నాం. పెద్ద కష్టమేమీ కాదు, ఒక పూట పని.

డిస్టిల్డ్ వాటర్ 400 మి.లీ. మరిగించి మూతపెట్టి చల్లార్చండి, అందులోని ఆక్సిజన్ పోతుంది. 23.4 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 8.6 గ్రాముల ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ అందులో కరిగించండి. ఫెర్రిక్, ఫెర్రస్ ఇనుము 2:1 పాళ్ళలో ఉండాలి. ఫెర్రస్ లవణం పాతబడి గోధుమ రంగుకు తిరిగి ఉంటే పాళ్ళు తప్పినట్టే, కొత్తది తెచ్చుకోండి. ఫ్యూమ్ హుడ్‌లో నైట్రోజన్ బుడగలు పంపుతూ 70 నుంచి 80 డిగ్రీలకు వేడిచేసి, పైనుంచి తిప్పే స్టిర్రర్ జోరుగా తిరుగుతుండగా 25 శాతం అమోనియా 40 మి.లీ. ఒక్కసారిగా పోయండి. కాఫీ రంగు నీళ్ళు రెప్పపాటులో కాటుక నలుపుకి మారతాయి. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

రెండు నిమిషాలాగి 2.5 మి.లీ. ఓలియిక్ యాసిడ్ చుక్కలుగా వేసి, 80 డిగ్రీల దగ్గర అరగంట తిప్పండి. పూత పట్టిన మాగ్నెటైట్ నీటిని వదిలి జిగురు ముద్దలా చేరుతుంది. గిన్నె కింద అయస్కాంతం పెట్టి నీళ్ళు ఒంపేయండి. వేడినీళ్ళతో మూడుసార్లు, ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి. సుమారు 10 గ్రాముల మాగ్నెటైట్ వస్తుంది.

ఇప్పుడు అందరూ చేసే తప్పు: దాన్ని ఓవెన్‌లో ఎండబెట్టి పొడి చేయడం. ఎండిన ముద్ద మళ్ళీ 10 నానోమీటర్ల కణాలుగా విడిపోవడం దాదాపు కల్ల. తడిగా ఉండగానే తూచిన కొంచెం నూనెలో వేసి, బాత్ సోనికేటర్‌లో (అల్ట్రాసౌండ్‌తో ముద్దలు విడగొట్టే తొట్టి) అరగంట ఉంచి, 70 డిగ్రీల దగ్గర ఇథనాల్ ఆవిరి కానివ్వండి. ఎంత మాగ్నెటైట్ ఉందో తెలియాలంటే నూనెలో వేయకముందే ముద్దలోంచి గ్రాము తీసి విడిగా ఎండబెట్టి తూచుకోండి. ఆ ఎండిన బరువులో సుమారు ఐదో వంతు ఓలియిక్ పూతేనని గుర్తుంచుకుని లెక్క వేయండి.

రెండో మెట్టు: ఇనుముకు పూత

100 మి.లీ. ఇథనాల్‌లో అర మి.లీ. ఓలియిక్ యాసిడ్ కలిపి, ఇనుప పొడి వేసి, 60 డిగ్రీల నీళ్ళ తొట్టిలో గంటసేపు తిప్పండి. తర్వాత అయస్కాంతంతో పట్టి ఉంచి ద్రవం ఒంపేసి, ఒకసారి శుభ్రమైన ఇథనాల్‌తో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

అర మి.లీ. చాలదేమో అనిపిస్తుందా? లెక్క చూడండి. 196 గ్రాముల ఇనుప రేణువుల ఉపరితలాన్ని పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు, అంటే 36 గజాలు. 4 గ్రాముల మాగ్నెటైట్‌ది 460 చదరపు మీటర్లు, 550 గజాల స్థలం! 1.2 గ్రాముల సిలికాది 240 చదరపు మీటర్లు. చిటికెడు నానో పొడి ద్రవం స్వభావాన్నే ఎందుకు మార్చేస్తుందో, గ్రాము తేడా వస్తే ఎందుకు తేడా కొడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

కడగడం మాత్రం మానొద్దు. విడిగా మిగిలిన ఓలియిక్ యాసిడ్ వెళ్ళి సిలికాకు పట్టుకుంటుంది. సిలికా కణాల మీద ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో చేతులు కలిపితేనే వల ఏర్పడుతుంది. ఆ చేతులకు ఓలియిక్ యాసిడ్ తొడుగు వేస్తే వల ఉండదు. మంచి సిలికా, మంచి మాగ్నెటైట్ రెండూ వాడి కూడా పని జరగలేదంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇదే అయ్యుంటుంది.

మూడో మెట్టు: కలపడం

వరుస ముఖ్యం. నూనె, మాగ్నెటైట్, ఇనుము, చివర్లో సిలికా.

మాగ్నెటైట్ ఉన్న నూనెకు మిగతా నూనె చేర్చి పది నిమిషాలు సోనికేట్ చేయండి. ఒక చుక్క గాజు పలక మీద వేసి లైటుకి పట్టి చూస్తే నలకలేవీ లేని ముదురు గోధుమ రంగు కనిపించాలి. నలకలు కనిపిస్తే ఇంకో పది నిమిషాలు.

ఇప్పుడు స్టిర్రర్. దయచేసి మాగ్నెటిక్ స్టిర్రర్ వాడకండి. నవ్వకండి, ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఈ పని చేస్తారు. ఇనుమంతా ఆ తిరిగే బిళ్ళకు పట్టుకుని ముళ్ళపందిలా తయారవుతుంది. టెఫ్లాన్ బ్లేడు ఉన్న ఓవర్‌హెడ్ స్టిర్రర్ తీసుకోండి. నిమిషానికి 500 చుట్ల దగ్గర తిప్పుతూ ఇనుమును చెంచాలతో వేస్తూ పోండి. మొత్తం పడ్డాక ఒక గంట తిప్పండి. ఇనుము ముందు, సిలికా తర్వాత ఎందుకంటే, సిలికా వల ఏర్పడ్డాక ఇనుము వేస్తే ఉండలు లోపలే ఇరుక్కుపోతాయి.

సిలికాను వాడేముందు 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి డెసికేటర్‌లో (తేమ చొరని మూత పాత్ర) చల్లార్చండి. ముఖ్యంగా వానాకాలంలో, కోస్తా గాలిలో, అది తేమ పీల్చుకుని ప్రతిసారీ ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. వేసేటప్పుడు ఉప్మాకి ఎసట్లో రవ్వ పోసినట్టే, ఒక చేత్తో చల్లుతూ ఉండాలి, ఇటు తిప్పడం ఆగకూడదు. మొత్తం కుమ్మరిస్తే పైకి తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి. అంతా వేశాక వేగం పెంచాలి. సిలికా ముద్దలు విచ్చుకోవాలంటే బ్లేడు అంచు సెకనుకు 8 మీటర్ల వేగంతో కదలాలి. 5 సెంటీమీటర్ల డిస్కుకి అది నిమిషానికి సుమారు 3000 చుట్లు. పదిహేను నిమిషాలు చాలు, గిన్నె చుట్టూ చల్లటి నీళ్ళు ఉంచండి.

చివరగా వాక్యూమ్ డెసికేటర్‌లో అరగంట ఉంచి గాలి తీసేయండి. పొంగుతుంది కాబట్టి గిన్నె సగమే నిండి ఉండాలి. గాలి పోయిందో లేదో తూచి తెలుసుకోవచ్చు. సూది లేని సిరంజిలో సరిగ్గా 10 మి.లీ. తీస్తే 26 గ్రాములకు దగ్గరగా రావాలి. 24 వస్తే లోపల ఇంకా బుడగలున్నాయి.

నాలుగో మెట్టు: పరీక్ష

ఒక్క నమూనాతో ఏమీ తేల్చలేరు. నాలుగు చేయండి: ఏమీ కలపనిది, సిలికా మాత్రమే ఉన్నది, మాగ్నెటైట్ మాత్రమే ఉన్నది, రెండూ ఉన్నది. నాలుగింట్లోనూ ఇనుము పాలు ఒకటే. ఒక్కోటి 25 మి.లీ. చాలు. మూత ఉన్న కొలజాడీల్లో పోసి, కదలని బల్ల మీద, ఫ్యాను మోటారుకీ స్పీకర్లకీ దూరంగా పెట్టండి.

గంటకి, ఆరు గంటలకి, మర్నాడు, వారానికి, నెలకి పైన తేరిన నూనె ఎత్తును మొత్తం ఎత్తుతో భాగించి శాతంగా రాసుకోండి. మాగ్నెటైట్ ఉన్న నమూనాలతో చిన్న చిక్కుంది. పైన తేరిన నూనె కూడా నల్లగానే ఉంటుంది, గీత కనిపించదు. వేర్వేరు ఎత్తుల నుంచి సన్నటి గొట్టంతో ఒక్కో చుక్క తీసి గాజు పలక మీద పల్చగా పరిచి లైటుకి పట్టి చూడండి, తేట భాగపు చుక్క గోధుమ రంగులో కనిపిస్తుంది, ఇనుము ఉన్నది కనిపించదు.

గది వేడిమిలో ఒక వరుస, 50 డిగ్రీల ఓవెన్‌లో ఇంకో వరుస పెట్టగలిగితే మంచిది. రెంటచింతల ఎండలో ఆగిన బండి డ్యాంపర్ లోపల నూనె ల్యాబులోకన్నా ఎంతో పలచగా ఉంటుంది, ఇనుము అంత తొందరగా దిగుతుంది.

నెల తర్వాత అసలు పరీక్ష. సన్నటి ఇత్తడి కడ్డీని జాడీలోకి నిలువుగా దించి వదిలేయండి. తన బరువుకే అడుగు తాకితే మడ్డి మెత్తగా ఉందని అర్థం. మధ్యలో ఆగితే ఎంత ఎత్తులో ఆగిందో రాసుకోండి. తర్వాత జాడీని నెమ్మదిగా తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, ఎన్నిసార్లకు అడుగు శుభ్రమైందో లెక్కపెట్టండి. మా నమూనాల్లో సిలికా మాత్రమే ఉన్నది తక్కువ తేట ఇచ్చింది. మాగ్నెటైట్ మాత్రమే ఉన్నది ఎక్కువ దిగింది, కానీ నాలుగైదు తిరుగుళ్ళకే పూర్తిగా లేచింది. రెండూ ఉన్నది ఈ రెంటికీ మధ్య కుదిరింది. ఏమీ కలపనిది కడ్డీని లోపలికి రానివ్వలేదు.

కరెంటు లేనప్పటి చిక్కదనం రియోమీటర్ ఉంటే అందులో చూడండి. లేకపోతే ఒకే సైజు సిరంజిలోంచి 10 మి.లీ. కారడానికి పట్టే సమయాన్ని నాలుగింటికీ పోల్చండి. ముందు రెండు నిమిషాలు కలిపి వెంటనే కొలవాలి. సిలికా వల కదిలిస్తే విడిపోతుంది, వదిలేస్తే నిమిషాల్లో మళ్ళీ అల్లుకుంటుంది. ఒకసారి కలిపి, ఒకసారి కలపకుండా కొలిస్తే అంకెలకు అర్థం ఉండదు. ఏమీ కలపని దానికంటే రెట్టింపుకన్నా ఎక్కువ సమయం పడితే సిలికా తగ్గించండి. 5 మైక్రాన్ల రేణువొక్కదాన్ని మోయడానికి లెక్క ప్రకారం పాస్కల్‌లో చిన్న భాగం బిగువు చాలు. రేణువులు గుంపులు కడతాయి కాబట్టి వాడుకలో కొన్ని పాస్కల్స్ కావాలి, అంతే. కిలోపాస్కల్స్ పని అయస్కాంతానిది.

అదే సిరంజికి అటూ ఇటూ రెండు నియోడైమియం అయస్కాంతాలు పెట్టి, పిస్టన్ మీద బరువులు పేర్చుతూ ఎప్పుడు కదిలిందో చూస్తే అయస్కాంత బిగువు తేడా మోటుగానైనా తెలుస్తుంది. వేళ్ళు జాగ్రత్త, ఆ అయస్కాంతాలు చర్మాన్ని గిల్లి రక్తం తెప్పిస్తాయి. మాగ్నెటైట్ మోతాదు పెంచాలని ఆశపడకండి. దాని అయస్కాంత సామర్థ్యం బరువుకి బరువు ఇనుములో సగం కూడా ఉండదు. ఇనుము బరువులో రెండు మూడు శాతం దాకా బిగువుకి నష్టం కనిపించదు, పదికి చేరితే ఇనుము తిండి అది తిన్నట్టే.

తేడా వస్తే

ద్రవం గోధుమ రంగుకు తిరిగితే తుప్పు మొదలైంది, నీరు ఎక్కడో మిగిలింది. ఇథనాల్ కడుగుడు, ఆరబెట్టడం మళ్ళీ చూసుకోండి. మొదటి వారం బాగుండి తర్వాత ఒక్కసారిగా తేట పెరిగితే సిలికా సరిగా విచ్చుకోలేదు, వేగంగా మరో పది నిమిషాలు తిప్పితే తరచూ సరిపోతుంది. రోజుల తరబడి డ్యాంపర్‌లో ఆడించాక ద్రవం చిక్కబడిపోతే రేణువుల పూత ఒరుసుకుని రాలుతోందన్నమాట. దానికి ఈ చిట్కాలు చాలవు, గట్టి రకం ఇనుప పొడికి మారాలి.

పారేయాల్సిన నమూనాలను సింకులో పోయకండి. పాలిథిన్ కవరులో చుట్టిన అయస్కాంతంతో ఇనుము లాగేసి, నూనెను వాడేసిన ఇంజిన్ ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. అయస్కాంతాన్ని కవరు లేకుండా ముంచితే ఇక జీవితాంతం దాన్ని తుడుస్తూనే ఉంటారు.

నెల పరీక్షలో గెలిచిన నమూనాను డ్యాంపర్‌లో నింపి, నిలువుగా ఒక వారం కదపకుండా వదిలేయండి. తర్వాత కరెంటు ఇవ్వకుండా చేత్తో నెమ్మదిగా పిస్టన్ లాగండి. మొదటి లాగుడు బరువుగా ఉన్నా, మూడు నాలుగు లాగుళ్ళకు మామూలైతే కాయిల్‌కి వైర్లు కలపొచ్చు. పదోసారికీ బిగుసుకునే ఉంటే విప్పేసి, సిలికాను 1.2 నుంచి 0.8 గ్రాములకు తగ్గించి మళ్ళీ కలపండి.